అక్క అడిగిన సవరణ

జర్మనీలోని హానోవర్‌లో మా పై అంతస్తులో ఉండే అక్క పోయిందని ఆమె కూతురు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. కరోనాతో ఆస్పత్రిలో చేరి పన్నెండు రోజులైంది. అంత్యక్రియలకు పదిమందికే అనుమతి. అందులో నేను లేను. ఆ రోజంతా వంటింటికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఆమె అడిగిన సవరణ ఒకటి నేనింకా వేయలేదు.

అక్కది వరంగల్. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారాలు మాత్రం పాత మూకీ సినిమాలు భద్రపరిచే చోట జీతం లేకుండా పనిచేసేది. రీళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి, వేగం సరిచేసేది. చేత్తో తిప్పిన కెమెరాతో తీసిన బొమ్మను ఇప్పటి వేగంతో ఆడిస్తే మనుషులు కోడిపిల్లల్లా పరుగెడతారు. "వాళ్లు ఉరుకుతలేరు తమ్ముడూ, మనమే ఉరికిస్తున్నం" అనేది.

మొదటి లాక్‌డౌన్‌లో ఒక సాయంత్రం పెరటి గోడకు దుప్పటి కట్టి, ఒక అమెరికన్ మూకీ నటి సినిమా వేసింది. అందరం బాల్కనీల్లోంచి చూశాం. ఆ నటి గురించి నేనొక పత్రికకు వ్యాసం రాశాను. టాకీలు వచ్చాక గొంతు పనికిరాక తెరమరుగైందని ముగించాను.

అది చదివి అక్క మెట్ల మీద నన్ను ఆపింది.

"ఆమె గొంతు నువ్వు విన్నవా?"

"అందరూ అదే రాశారక్కా."

"ఒకడు రాసిండు. మిగిలినోళ్లు నీ లెక్కనే కాపీ కొట్టిన్రు."

తర్వాతి వారం పాత పత్రికల నకళ్లు మా గుమ్మంలో పెట్టింది. ఎప్పుడూ అమాయకపు పిల్ల వేషాలే ఇస్తుంటే విసిగి, టాకీలు రాకముందే ఆ నటి స్టూడియో వదిలేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి రేడియో నాటకాల్లో నటించింది.

"గొంతు లేదన్నవ్. ఆమె గొంతుతోనే బతికింది. సవరణ ఎయ్యి."

కరోనా వార్తలకే పేజీలు చాలడం లేదన్నాను.

"ఈ కరోనాల సుత ఆఫీసుల టెర్మిన్, గదే అపాయింట్‌మెంట్, దొరుకుతున్నది. నీ పేజీల నాలుగు లైన్లు దొరకయా?"

దొరికేవి. నేను అడగలేదు. ఆస్పత్రి నుంచి ఆమె పెట్టిన చివరి మెసేజ్: "పడ్డదా?" "వచ్చే వారం" అని జవాబిచ్చాను.

ఇదే ఆ సవరణ. ఆ నటి గొంతు బాగోలేక తప్పుకోలేదు. తనంతట తానే వెళ్లిపోయింది. నేను తప్పు రాశాను.

నిన్న అక్క కూతురు లాప్‌టాప్ పట్టుకొని కిందికి వచ్చింది. "అంకుల్, మమ్మీ ఆ మూకీ సినిమా లాస్ట్ సీన్ స్పీడ్ సెట్ చేసేసింది. మీకు చూపించమంది." మాస్కులతో, ఎడంగా, మెట్ల మీదే కూర్చున్నాం. తెర మీద ఆ నటి కుర్చీలోంచి లేచింది. టోపీ పెట్టుకుంది. తలుపు వైపు నడిచింది. పదకొండు అడుగులు, లెక్కపెట్టాను. ఒక్క అడుగులోనూ తొందర లేదు.