టీ మంటపానికి మూడు ప్రదక్షిణలు

ఇంగ్లండులోని లీసెస్టర్‌లో మా ఆదివారం తెలుగు బడి ఏటా ఒకసారి కుటుంబాలతో విహారయాత్రకు వెళుతుంది. ఈసారి వచ్చిన కరపత్రంలో ‘అతి ప్రాచీన చైనా దేవాలయం, ఉద్యానవనం’ అని ఉంది. ప్రాచీనమంటే ఏ సంవత్సరమని బడి నడిపే మేడమ్‌ను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఒకటే సమాధానం: “చాలా పాతది అంకుల్.” సర్వే శాఖలో పనిచేసినన్నాళ్లూ తేదీ లేని కాగితం మీద నేను సంతకం చేయలేదు.

అయినా కోచ్ బస్సు ఎక్కాను. కారణం పదేళ్ల నా మనవరాలు. ఆమెకు తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఆ గుడి ముందు తెలుగులో ప్రసంగించవలసినది ఆమే. క్రిందటి ఏడాది యాత్రలో రెండో వాక్యం దగ్గర ఆగిపోయి, ఏడుస్తూ దిగివచ్చింది. ఈసారీ అలాగే అయితే బడి మానేస్తానంది. మా అమ్మాయి సరేనంది. మేడమ్ రాసిచ్చిన పన్నెండు వాక్యాలను పిల్ల ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొని బట్టీపట్టింది.

తొమ్మిదికి కదలవలసిన కోచ్ తొమ్మిదీ నలభై రెండుకు కదిలింది. పులిహోర డబ్బా కోసం ఒక కుటుంబం ఇంటికి వెళ్లి రావలసి వచ్చింది.

దిగి చూస్తే, పచ్చిక నడుమ ఎనిమిది ఎర్ర స్తంభాలు, అంచులు పైకి వంగిన కప్పు, చూరుకు చిరుగంటలు. గంటలు కనబడగానే ముందున్నవారు చెప్పులు విప్పారు. వారిని చూసి తక్కినవారు విప్పారు. అరవై రెండు జతలు, నావి కలుపుకొని.

“కర్పూరం తెచ్చావా?” అని ఒకాయన భార్యను అడిగాడు.

“వద్దండీ. మన గృహప్రవేశానికి పొగ అలారం మోగి ఫైరింజన్ వచ్చింది, మరిచిపోయారా?”

తడి గడ్డిలో ప్రదక్షిణలు మొదలయ్యాయి. రెండు పూర్తికాగానే, ముందు ప్రసంగం, తర్వాత మూడోది అని మేడమ్ ప్రకటించారు. అందరూ కూర్చునేలోగా నేను వెనక గోడకున్న ఇత్తడి ఫలకం చదివాను. ఎస్టేటు దొరగారు పింగాణీ పళ్లెం మీది బొమ్మ ఒకటి చూసి, అతిథులు టీ తాగడానికి, ఊరి వడ్రంగి చేత దీనిని కట్టించారట. దొరగారు చైనా చూడలేదు, వడ్రంగీ చూడలేదు. సంవత్సరం స్పష్టంగా చెక్కి ఉంది. లెక్కవేస్తే రెండు వందల ఏళ్లు నిండలేదు.

మనవరాలి మొదటి వాక్యం ‘ఇది వెయ్యేళ్ల నాటి పవిత్ర దేవాలయం’. నేను ఆమెను పిలిచి ఫలకం చూపించాను.

“సో, ఫస్ట్ లైన్ ఈజ్ రాంగ్?”

“తప్పే. రెండు, మూడు, అయిదు, తొమ్మిది కూడా.”

“తాతయ్యా, యూ కుడ్ హావ్ టోల్డ్ మీ ఆఫ్టర్.”

అంతలో మేడమ్ పిలిచారు. పిల్ల మెట్టెక్కి నిలబడి, కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. గడియారం చూశాను. పదకొండు సెకన్లు గడిచాయి. మా అమ్మాయి సగం లేచింది.

“ఇది గుడి కాదు,” అంది మనవరాలు. “ఇక్కడ టీ తాగారు. వెయ్యేళ్లు కాదు. వెనక బోర్డు ఉంది, తాతయ్య చూశాడు. ఒక ప్లేట్ చూసి కట్టారు. మీరందరూ షూస్ వేసుకోండి. గ్రాస్ తడిగా ఉంది.”

ఏడు వాక్యాలు. ఒక్కటీ మేడమ్ రాసిచ్చినది కాదు.

చప్పట్లు బాగానే కొట్టారు. చెప్పులు మాత్రం ఎవరూ వేసుకోలేదు. “రెండు అయిపోయాయి కదమ్మా, మధ్యలో ఆపకూడదు,” అంటూ మేడమ్ లేచారు. అరవై ఒక్కమంది ఆమె వెనక నడిచారు.

మనవరాలు తన బూట్లు వేసుకొని నా పక్కకు వచ్చింది.

“తాతయ్యా, నువ్వు కూడానా? బోర్డు చదివావు కదా?”

“చదివాను. కానీ రెండు దగ్గర ఆపితే లెక్క సరిపోదు.”

తూర్పు మూల దాకా ఆమె నా పక్కనే నడిచింది. తర్వాత అడిగింది: “వచ్చే ఆదివారం బడి పదింటికా, పదిన్నరకా?”

“పదింటికి,” అన్నాను. “మేడమ్ వచ్చేది పదీ ఇరవైకి.”