పగిడయ్య చేతి బోరు

పగిడయ్య బొగ్గు గనిలో ముప్పై ఏళ్ళు పంపు ఆపరేటర్‌గా పనిచేశాడు. రిటైరయ్యాక ఖానాపురం హవేలి అనే ఊళ్ళో వంద గజాల్లో ఇల్లు కట్టుకున్నాడు. నల్లా మూడు రోజులకోసారి వచ్చేది. "భూమి లోపలి నీళ్ళ సంగతి నాకంటే ఎవనికెరుక?" అంటూ, ఎవరినీ పిలవకుండా తానే బోరు వేయడానికి దిగాడు.

పెరట్లో ఖాళీగా ఉన్నది ఒక్క మూలే. దానికి పదడుగుల్లో సెప్టిక్ గుంత ఉంది.

"గుంత పక్కన నీళ్ళేంది? తాగొచ్చా?" అంది భార్య ఉప్పలమ్మ.

"మట్టి వడగడ్తది. నాకే నేర్పుతున్నవా?" అని కసిరాడు.



తొమ్మిది రోజులు నేల తొలిచే బర్మా చేతితో తిప్పి మట్టి తోడాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇరవై రెండడుగుల దగ్గర తడి ఇసుక తగిలింది. పీవీసీ పైపు అడుగున రంపంతో గాట్లు పెట్టి, దోమతెర గుడ్డ చుట్టి దించాడు. చుట్టూ కంకర పోసి, పైన చేతిపంపు బిగించాడు. రెండు రోజులు కొట్టగా కొట్టగా నీళ్ళు తేటపడ్డాయి. పరీక్ష చేయించమని ఎవరో అంటే, నవ్వి అక్కడే గ్లాసుడు తాగి చూపించాడు. పక్కింటి రాఘవమ్మను పిలిచి బిందె నింపిచ్చాడు.

"నీ కడుపు సల్లగుండ, అన్నా," అందామె. ఆ ఎండాకాలమంతా ఆ నీళ్ళే తాగింది.

వానలు పడ్డాక రాఘవమ్మకు కామెర్లు వచ్చాయి. దవాఖానాలో పదకొండు రోజులుండి కన్నుమూసింది. దినాలయ్యాక ఆమె కొడుకు సాయికిరణ్ పంపు నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి పరీక్ష చేయించాడు. కాగితం తెచ్చి పగిడయ్య చేతిలో పెట్టాడు.

"నీళ్ళల్ల గుంత మురికి కలిసిందట, మామా."

అంతే. తిట్టలేదు. వెళ్ళిపోయాడు.

పగిడయ్య భార్యవైపు తిరిగాడు. "గట్లయితే మనకేం కాలేదేంది? మనమూ గవే తాగుతున్నం గద!"



"మన కుండల ఉండేటివి క్యాన్ నీళ్ళు," అంది ఉప్పలమ్మ. "నువ్వు బయటికి పోయినప్పుడు తెప్పించి పోస్తున్న. నువ్వు తాగేది గూడ అవే."

"మరి ఆమెకన్న చెప్పొద్దా?"

"నలుగుట్ల నీ పరువు పోతదనుకున్న." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "మన పానాలు చూసుకున్న. ఆమెకు చెప్పకపోతి."

మర్నాడు పగిడయ్య పంపు ఊడదీశాడు. పైపు ఎంత లాగినా రాలేదు. సిమెంటు కలిపి అందులో పోశాడు.

ఇప్పుడా ఇంట్లో మాటలు తక్కువ. బజారుకెళ్ళాలంటే ఉప్పలమ్మ రాఘవమ్మ వాకిలి ముందునుంచి నడవదు. దూరమైనా వెనక సందులోంచే పోతుంది.