అంటు కట్టే వేళ్లు, ఎత్తిన హ్యాండిల్

2023లో వానలు పట్టిన రోజులు. హోసూరులో రాయకోట రోడ్డు పక్కన నాకు ఒక మోటారు సైకిల్ షెడ్డు ఉంది. పైన రేకులు, కింద ఆయిలు, మధ్యలో నేను. ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారు నన్ను క్లాసు బయట నిలబెట్టారు. నిలబడి నిలబడి కాళ్లు నొప్పి పుట్టి, అలాగే నడుచుకుంటూ వచ్చి ఈ పనిలో చేరాను. ఆయన ఇంతవరకు లోపలికి రమ్మనలేదు.

ఈమధ్య నా షెడ్డుకు వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది హ్యాండిల్ రైజర్లు. బండి హ్యాండిల్‌ను రెండు క్లాంపులు, ముందు చక్రాన్ని మోసే ఫోర్కు పైన పట్టుకుని ఉంటాయి. ఆ క్లాంపుల కింద పెట్టే అల్యూమినియం దిమ్మెలే రైజర్లు. హ్యాండిల్ కొంచెం పైకి లేస్తుంది, వంగి కూర్చునే మనిషి నిటారుగా కూర్చుంటాడు. కొన్ని నేరుగా పైకి ఎత్తుతాయి. కొన్ని ఎత్తుతూనే హ్యాండిల్‌ను మన వైపు లాగుతాయి, వాటిని పుల్‌బ్యాక్ రైజర్లంటాం. కుర్రవాళ్లు లడఖ్ పోవాలని వేయించుకుంటారు. చాలామంది కృష్ణగిరి టోల్‌గేటు దాకా పోయి, టీ తాగి, ఫోటో తీసుకుని వెనక్కి వస్తారు.

గోవిందప్పది అలాంటి సరదా కాదు. ఉద్దనపల్లి మనిషి, యాభై దాటినవాడు. రోజా నర్సరీల్లో అంటు కట్టడం ఆయన పని. అడవి రోజా కాండం మీద కత్తితో గాటు పెట్టి, మంచి రకం కొమ్మ నుంచి తీసిన, చిగురు మొలిచే కన్నును అందులోకి దూర్చి, పైన ప్లాస్టిక్ పట్టీ చుడతాడు. ఆ కన్ను దోసగింజ కంటే కాస్త పెద్దదిగా ఉంటుందంతే. బొటనవేలు, చూపుడువేలు ఏ మాత్రం తడబడినా కన్ను నలిగి నల్లబడిపోతుంది. రోజూ ఒక నర్సరీ నుంచి ఇంకో నర్సరీకి బండి మీదే తిరుగుతాడు.

ఆయన వచ్చిన రోజు బండి తళతళలాడుతోంది. హెడ్‌లైటుకు కుంకుమ బొట్టు కూడా ఉంది.

"ఏమన్నా, బండికి పెళ్లిచూపులా?" అన్నాను.

"నువ్వే గదప్పా బోర్డు పెట్టినావు!"

నిజమే. బురద బండ్లతో విసిగిపోయి, 'బండి కడిగి, సామాన్లు దించి తీసుకురావాలి' అని మూడు భాషల్లో రాయించి తగిలించాను. మా ప్రాంతంలో మూడింటిలో ఒక్కటీ రాదని తప్పించుకోవడానికి లేదు.

గోవిందప్ప కుడిచేయి చాపాడు. "ఈ రెండు వేళ్లూ తిమ్మిరెక్కిపోతా ఉండాయి మంజా. బండి దిగినంక అర్ధగంట కత్తి పట్టేదానికి కాదు."

"డాక్టరుకి చూపించినావా?"

"చూపించినాను. మణికట్టు కాడ నరం నలుగుతా ఉండాది, బండి తోలేది తగ్గించు, లేకుంటే కూర్చునేది మార్చు అన్నాడు. బండి తగ్గిస్తే నర్సరీకి ఎగిరి పోవల్నా?"

తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. పోయిన తడవ ఆయన కట్టిన అంట్లలో సగం చచ్చిపోయాయి. ఈసారి కూడా నల్లబడితే వేరే మనిషిని పెట్టుకుంటానని నర్సరీ యజమాని చెప్పేశాడు. ఒక నర్సరీలో వద్దంటే మిగతావాళ్లకు తెలియడానికి ఎంతసేపు?

బండికి డబుల్ స్టాండు వేసి ఆయన్ను ఎక్కించాను. సీటు మధ్యలో కూర్చుంటే చేతులు తిన్నగా చాచుకుని ముందుకు వంగాడు. ఒంటి బరువంతా అరచేతుల మీద పడుతోంది. తేలిక కేసు అనుకున్నాను. పుల్‌బ్యాక్ రైజర్లు వేశాను. కేబుళ్లు బిగుసుకోకుండా దారి మార్చాను. ఇంజను ఆన్‌లో ఉంచి హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూశాను. కేబుల్ లాగితే మలుపులో బండి తనంతట తానే రేజ్ అవుతుంది, అందుకే ఈ పరీక్ష. అంతా బాగుంది.

"ఎట్లుండాది అన్నా?"

"కుర్చీలో కూర్చున్నట్ల ఉండాదప్పా. టీ తెప్పిస్తే దిగనే దిగను."

నాలుగు రోజులకే తిరిగి వచ్చాడు. చూపుడువేలికి కట్టు.

"ముందు తిమ్మిరన్నా తెలస్తా ఉండె. ఇప్పుడు వేలు ఉండాదో లేదో కూడా తెలీలే. నెత్తురు చూసినంకే కత్తి దిగిందని తెలిసింది. పీకేయప్పా నీ దిమ్మెలు."

బోల్టులు చూశాను, హ్యాండిల్ వంకర ఉందేమోనని చూశాను. ఏ లోపమూ లేదు. ఆయన్ను మళ్లీ ఎక్కించి చూస్తే మళ్లీ కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నాడు. ఈసారి కూడా బండి కడిగే తెచ్చాడు.

"అన్నా, రేపు పనికి ఎట్ల పోతావో అట్లే రా. కడగొద్దు, ఏమీ దించొద్దు."

"మరి బోర్డు?"

"బోర్డుతో నేను మాట్లాడుకుంటా, నువ్వు రా."

మరునాడు పొద్దున వచ్చిన బండిని నేను గుర్తుపట్టలేదు. సీటు మీద అడ్డంగా టమోటా క్రేటు. అందులో తడి గోనెపట్టలో చుట్టిన రోజా కొమ్మలు, వాటి మీద టిఫిను డబ్బా, గొడుగు. ముప్పావు సీటు క్రేటుదే. మిగిలిన జానెడు చోటులో గోవిందప్ప పొట్ట ట్యాంకుకు ఆనించి కూర్చున్నాడు. నేను ఎంతో ప్రేమగా ఆయన వైపు లాగిన హ్యాండిల్ ఇప్పుడు డొక్కల్లోకి వచ్చింది. మోచేతులు కోడి రెక్కల్లా వెనక్కి పోయాయి, మణికట్లు వెనక్కి విరిచినట్టు వంగి ఉన్నాయి.

"ఇన్నాళ్లూ ఇట్లనేనా తోలేది?"

"కొమ్మల్ని నెత్తిన పెట్టుకోవల్నా?"

"ఒక మాట చెప్పకూడదా అన్నా!"

"దించి తెమ్మనింది ఎవరప్పా?"

తప్పు నాదే. నేను కొలిచిన భంగిమలో ఆయన ఒక్క రోజు కూడా బండి తోలలేదు. బోర్డు తీసి ఆయిల్ డబ్బాల కింద పరిచాను.

ముందు క్రేటు సీటు దిగాలి. పాలవాళ్ల బండ్లకు రెండు పక్కలా క్యాన్లు తగిలించే ఇనుప చట్రం ఉంటుంది కదా, అలాంటిది వెల్డింగు చేయిస్తానన్నాను. కొమ్మల కట్టలు రెండు సంచుల్లో చెరో పక్క వేలాడతాయి. గోవిందప్ప ఒప్పుకోలేదు.

"ఊళ్లో నాకొక మర్యాద ఉండాది. పాలోడి బండి చేస్తావా?"

"పొద్దున్నే లేచి ఊరంతా ఎదురుచూసేది పాలాయన కోసమే. నీ కోసం, నా కోసం ఎవరన్నా చూస్తారా?"

గొణుగుతూనే ఒప్పుకున్నాడు. చట్రం వెల్డింగు చేయించి, సంచులు తగిలించాను. పుల్‌బ్యాక్ తీసేసి, నేరుగా ఎత్తే ఇరవై మిల్లీమీటర్ల చిన్న రైజర్లు వేశాను. బ్రేకు, క్లచ్ లీవర్లను కొంచెం కిందికి తిప్పాను. మోచేతి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలా ఉంటే మణికట్టు వంగదు. చాలామంది దిమ్మెలు కొంటారు గాని, స్పానరుతో అయిపోయే ఈ పని చేయించుకోరు.

ఈసారి షెడ్డులోనే చూసి వదిలేయలేదు. బరువుతోనే ఆయన్ను ఉద్దనపల్లి దాకా పంపి, వెనకాల నా బండిలో పోయాను. దారిలో రెండుసార్లు ఆపి లీవర్లు సరిచేశాను. ఊరి మొదట్లో ఒక ముసలమ్మ చెంబు పట్టుకుని ఎదురొచ్చింది.

"పాలు ఎంతప్పా లీటరు?"

గోవిందప్ప నా వైపు చూసిన చూపుకు పెట్రోలు అంటుకోవాలి.

"చెప్పన్నా, పాపం అడగతా ఉండాది," అన్నాను.

వేలి గాయం మానేదాకా ఆగి, నర్సరీలో మిగిలిన వరుసలు కట్టాడు. ఇరవై రోజులైన తర్వాత ఫోన్ చేశాడు. "పట్టీలు విప్పతా ఉండాను. నువ్వు కూడా రాప్పా." షెడ్డు మూసి పోయాను. యజమాని వరుస చివర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గోవిందప్ప మొదటి మొక్క పట్టీ విప్పాడు. కన్ను నల్లగా ఉంది. రెండోదీ నలుపే. మూడోదీ. నేను యజమాని వైపు దొంగచూపు చూశాను. గోవిందప్ప మాత్రం ఏమీ ఎరగనట్టు రెండో వరుసలోకి వెళ్లి విప్పాడు. పచ్చగా, చిన్న ముక్కులా పొడుచుకు వచ్చిన కన్ను. పక్కదీ పచ్చనే. ఆ వరుస దాటి, తర్వాతి వరుస దాటి, అక్కడొకటి ఇక్కడొకటి తప్ప అన్నీ పచ్చనే.

"గోవిందప్పా, పైపక్క షెడ్డులో ఇంకా అంటు కట్టే మొక్కలుండాయి. రేపు వస్తావా?" అని యజమాని అడిగాడు.

"వస్తానప్పా."

యజమాని అటు పోగానే నేను మొదటి వరుస చూపించి అడిగాను. "అవి ఏంటికన్నా అట్లయినాయి?"

"అవా? నీ మొదటి దిమ్మెలు వేసిన నాలుగు దినాల్లో కట్టినవి. నల్లవి నీవి, పచ్చవి నావి."

రైజరు ఎంత ఎత్తు వేయాలని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను వెంటనే టేపు తీయను. పనికి ఎలా పోతారో అలా ఎక్కి రమ్మంటాను, బురదతో, బుట్టలతో, భార్యాపిల్లలతో. ఆ రోజు నేను బండిని కొలిచాను, మనిషిని కొలిచాను. ఆయన పనిని కొలవలేదు. దానికి ఒక వరుస రోజాలు పోయాయి.