అమ్మ అందుకున్న బ్లూస్ పాట

మా చిన్నప్పుడు... దేశం కాని దేశంలో, వెర్రిబీ అనే ఊళ్ళో అందరి నాన్నలూ కంప్యూటర్ల పని మీద దిగుతున్న రోజుల్లో, మా నాన్న వంటమనిషిగా దిగాడు. అమ్మా నాన్నా బడి మెట్లెక్కినవాళ్ళు కాదు. మా ఇంట్లో పుస్తకం పట్టిన మొదటిదాన్ని నేనే...

అయిదో తరగతిలో మా మ్యూజిక్ టీచర్ నన్ను బ్లూస్ గురించి మాట్లాడమంది. తల్లిదండ్రులంతా వస్తారట! వారం రోజులు వంటింట్లో బియ్యం చేట పక్కన కూర్చుని బట్టీ పట్టాను. ఏంటదని అమ్మ అడిగితే తెలుగులో చెప్పాను. ఆఫ్రికా నుంచి తెచ్చి బానిసలను చేసిన జనం అమెరికా పత్తి చేలల్లో పాడుకున్న పాటల్లోంచి, వాళ్ళ పిల్లల తరంలో పుట్టిన సంగీతం... మొదటి వరుస రెండుసార్లు పాడి, మూడో వరుసలో మనసు విప్పడం... స్వరాన్ని కాస్త కిందికి వంచడం...

"పత్తి ఏరుకుంట పాడిన్రా?" అని అమ్మ చెరగడం ఆపేసింది. కరీంనగర్ వైపు పత్తి చేలల్లో పెరిగిన మనిషి మరి.

"అమ్మా, నువ్వు రా... కానీ ప్లీజ్, అక్కడేం మాట్లాడకు." అమ్మకు ఇంగ్లీషు రాదని క్లాసులో తెలిసిపోతుందని నా భయం.

"నోట్ల నీళ్లు పోస్కొని కూసుంట తియ్ బిడ్డా."

ఆ రోజు గడగడా అప్పజెప్పేశాను. తర్వాత టీచర్ గిటార్ పట్టి ఒక వరుస పాడింది. దానికి గిటార్‌తో బదులు పలికించబోతూ ఆగింది... ఆ ఖాళీలో వెనక కుర్చీలోంచి అమ్మ గొంతు లేచింది! మాటల్లేవు, ఉత్త రాగం...

పిల్లలు కిసుక్కున నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "తప్పయింది బిడ్డా... ఒకరు పాడి ఆగితే అందుకోవాలె గద. లేకుంటే పాడేటామె ఒక్కతైతది..."

ఏమన్నారని టీచర్ నన్నడిగింది. అందరి ముందూ ఇంగ్లీషులో చెప్పాను.

"వారం నుంచి నేను మీకు చెప్పలేకపోతున్నది ఇదే!" అంది టీచర్ పిల్లలతో. అమ్మ వైపు తిరిగి, "అగెయిన్, ప్లీజ్" అని ఆ వరుస మళ్ళీ ఎత్తుకుంది.

అమ్మ నా వంక చూసింది... నేను తల ఊపాను. ఈసారి గొంతెత్తి అందుకుంది. మూడోసారికి నవ్విన పిల్లలూ అందుకున్నారు.

"నోట్లో నీళ్లు ఏమయ్యాయి?" అని దారిలో అడిగితే, "మింగిన" అంది!

ఇప్పుడు ఆఫీసుకు వెళ్ళే ట్రైన్‌లో అందరం ఇయర్‌ఫోన్లు పెట్టుకునే ఉంటాం... ఎవరి పాట వాళ్ళ చెవుల్లోనే. మీ ఇళ్ళల్లో పని చేసుకుంటూ ఒకరు పాడితే ఇంకొకరు అందుకునే పాటలుండేవా? ఏ పనికి ఏ పాటో... కింద రాయరూ...