ఒక్క పాటకు రమ్మన్నారు

టెక్సస్‌లోని మా ఇర్వింగ్ తెలుగు చర్చిలో పాట ఏ శ్రుతిలో మొదలవుతుందో దేవుడికి కూడా ముందుగా తెలియదు. పాస్టరమ్మగారు కళ్లు మూసుకుని ఎత్తుకుంటారు. కీబోర్డు దగ్గర కూర్చున్న నేను ఆవిడ గొంతు వెంటపడి శ్రుతి పట్టుకోవాలి. ఆవిడ ఒక మాటను ఎంతసేపు సాగదీస్తే అంతసేపూ ఆగాలి. ఏళ్ల తరబడి అలా వాయించీ వాయించీ నా చేతులకు కాస్త ఆలస్యంగా పడటం అలవాటైపోయింది.

ఆ చేతులతోనే వెళ్లి ఆఫీసులో నా పక్క సీటాయన నడిపే కంట్రీ బ్యాండులో చేరాను. గిటారు ఆయనది, పాట ఆయన భార్యది, డ్రమ్స్ ఆయన బావమరిదివి. శనివారాల్లో వాళ్ల గరాజ్‌లో ప్రాక్టీసు. పికప్ ట్రక్కులు, గుర్రాలు, విడాకులు... ఆ అమెరికా పల్లెపాటల్లో తాళం నిక్కచ్చిగా నడవాలి. నేనేమో ప్రతిసారీ వెనకబడేవాణ్ణి. బావమరిది నన్ను కొరకొరా చూసేవాడు.

ఒక శనివారం మా గాయనికి పాడిన పాటే పాడి విసుగొచ్చింది. "దీన్ని రిథమ్ అండ్ బ్లూస్ లాగా మెల్లగా పాడి చూద్దాం" అంది. నల్లవాళ్ల చర్చి పాటల్లో పుట్టిన పోకడ అది. ఆవిడ ఒక మాటను సాగదీసింది. నేను అలవాటు కొద్దీ ఆగి, ఆవిడ వదిలాక వాయించాను. బావమరిది డ్రమ్స్ ఆపేశాడు. ఇవాళ్టితో నా పని సరి అనుకున్నాను.

"అదే! ఆ ఆలస్యమే కావాలి. నువ్వు మారకు, మేమే నీ దగ్గరికొస్తాం" అన్నాడు ఆ బావమరిదే.

ఈ దేశంలో నన్ను మారొద్దన్న మొదటి మనిషి అతనే. ఎంత సంతోషమేసిందో! పాటలన్నీ అలాగే మార్చుకున్నాం.

అంతలో ఒక బార్‌ వాళ్లు పిలిచారు, డబ్బిచ్చి మరీ. నాదేమో హెచ్‌-వన్‌బీ వీసా. పనిచేస్తే ఒక్క కంపెనీకే చేయాలి. నా వాటా వదులుకుంటే సరిపోతుందేమోనని లాయర్‌కి ఫోన్ చేశాను. ఊరికే వాయించినా చిక్కే, వద్దన్నాడు.

"గ్రీన్ కార్డ్ కోసం ఇన్నేళ్లు వెయిట్ చేసి ఇప్పుడు రిస్క్ తీసుకుంటావా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంది మా ఆవిడ.

న్యాయమే. అందుకే మరీ ఒళ్లు మండింది.

"వీసాకీ కీబోర్డుకీ ఏం సంబంధం?" అని బ్యాండు వాళ్లు అడిగితే ఏం చెప్పను, నా తలకాయ! నా బదులు ఇంకొకామెను పెట్టుకున్నారు.

బార్‌లో ప్రోగ్రామున్న సాయంత్రం నేనూ మా ఆవిడా వెళ్లి జనంలో కూర్చున్నాం. గాయని మాటను సాగదీసింది. కొత్తామె ఠంచనుగా తాళం మీద వాయించేసింది. "ఆగవే తల్లీ, ఆగు!" అని గొణుక్కున్నాను. మా ఆవిడ వింది.

పాట అవగానే గాయని మైకులోనే నన్ను పిలిచింది. "మావాడు ఇక్కడే ఉన్నాడు. ఒక్క పాటకు రా!" కొత్తామె నవ్వుతూ లేచి సీటు ఖాళీ చేసింది. జనమంతా చప్పట్లు. వద్దంటుందనుకుని మా ఆవిడ వైపు చూశాను.

"వెళ్లు. ఒక్క పాటేగా. ఏమైతే అదవుతుంది, వెళ్లి వాయించు" అంది.

ఈ బార్‌లో ఎవరైనా వీడియో తీస్తే? ఎవరైనా ఎక్కడైనా పెడితే? లేవబోయి, మళ్లీ కూలబడి, గాయని వైపు చూసి నవ్వుతూ తల అడ్డంగా ఊపాను. కొత్తామె వచ్చి మళ్లీ కూర్చుంది.

నన్నిప్పుడు ఆపినవాళ్లంటూ ఎవరూ లేరు.