కార్లు రాని గట్టు

సెప్టెంబరులో, అమెరికాలోని మా ఊరు బాతెల్‌లో, ఏటి పక్కనున్న సైకిల్ దారిలో, పండి రాలిన బ్లాక్‌బెర్రీల వాసన వేస్తుంది. కాస్త జామ్‌లా, కాస్త పులిసిన కల్లులా. దానికి గొలుసు నూనె వాసన కూడా తోడైతే, నా వెనక ఎవరో సన్నగా దగ్గి, "ఏవోయ్ వరంగల్, పక్కన ఏముంది?" అని అడుగుతున్నట్టు ఉంటుంది. తిరిగి చూస్తాను. ఖాళీ సీటు. సీట్లకి దగ్గు రాదని నాకు నేనే చెప్పుకుని మళ్ళీ తొక్కుతాను.

ఆ సీటు విశ్వం అంకుల్‌ది. కోనసీమ మనిషి. డెబ్బైల మొదట్లో అమెరికా వచ్చి, ముప్పై ఏళ్ళు సివిల్ ఇంజనీరుగా కార్ల కోసం రోడ్లు వేశారు. రిటైరయ్యాక కార్లు లేని రోడ్డు కోసం వెతకడం మొదలుపెట్టారు. చేసిన పాపం కడుక్కోవడానికని నేననేవాణ్ణి. అసలు కారణం గ్లకోమా. చూపు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వస్తోంది. "గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుందోయ్. ఎదురుగా ఉన్నది బానే కనబడుతుంది. పక్కనున్నది లేనట్టే. కార్లేమో ఎప్పుడూ పక్కనుంచే వస్తాయి."

2010లో నేను వాళ్ళింటి కింది భాగంలో అద్దెకి దిగాను. ఒక హెచ్-వన్ వీసా, ఒక సూట్‌కేసు, ఒక రైస్ కుక్కర్. మూడో రోజే ఆయన వంటగది బల్ల మీద ఫ్రాన్స్ మ్యాప్ పరిచి నన్ను పైకి పిలిచారు. బర్గండీలో ఒక పాత కాలువ. ఒకప్పుడు పడవల్ని లాగే గుర్రాలు నడిచిన గట్టు మీద ఇప్పుడు సైకిళ్ళు పోతాయట. కార్లు రావు. అడుగడుగునా లాకులు.

"లాకులంటే ఏంది అంకుల్?"

"పడవని ఎక్కించడానికీ దించడానికీ కాలువకి తలుపులుంటాయి. మా నాన్న ఆ తలుపులు తెరిచే ఉద్యోగమే చేశాడు. ఇప్పుడు మావైపు పడవలూ లేవు, తెరిచేవాళ్ళూ లేరు. అక్కడ ఇంకా తెరుస్తున్నారట. ఈ గొట్టం కూడా మూసుకుపోయేలోపు ఒక్కసారి ఆ గట్టు మీద పోవాలి."

"కాలువ చూడనీకి కోనసీమోళ్ళు ఫ్రాన్స్ పోతరా?"

"చెరువులు తప్ప తెలీనివాడివి, నీకేం చెప్పనోయ్," అన్నారు.

సెప్టెంబరులో ఫ్రాన్స్ వెళ్ళాలని అనుకుని, సాధనకి ఇద్దరు తొక్కే సైకిలొకటి పాతది కొన్నారు. ముందు నేను, వెనక ఆయన. వెనకవాడి చేతిలో ఏమీ ఉండదు. బ్రేకు లేదు, హ్యాండిల్ తిరగదు. ముందువాడు గతుకొస్తే గతుకని, మలుపొస్తే మలుపని నోటితో చెప్పాలి. ఆయనకి ఎదురుగా కనబడేది నా వీపొక్కటే. "ఉన్న కాస్త చూపూ నీ చొక్కాకే ఖర్చయిపోతోంది," అని సణిగేవారు. శనివారం పొద్దున్నే ఏటి మీద పొగమంచు ఇంకా లేవకముందే బయల్దేరేవాళ్ళం. దారిలోని ఒక్కో వంతెనకీ మ్యాప్‌లోంచి ఒక్కో ఫ్రెంచి ఊరి పేరు పెట్టుకున్నారాయన. చివరి ఊళ్ళో బెంచీ మీద పులిహోర. ఫ్రాన్స్ మొత్తం మీద అంత మంచి పులిహోర దొరకదు.

పక్కలు చెప్పే పని నాది. నా పద్ధతిలో చెప్పేవాణ్ణి. "ఎడమవైపు ఐఫిల్ టవర్. కుడివైపు మీ పాత బాసు చేపలు పడుతున్నడు." ఆయన నవ్వేవారు. ఆ ధైర్యంతోనే జూన్‌లో ఒక ఉదయం, "అంకుల్, ఎడమవైపు కారు!" అని అరిచాను. కార్లు రాని దారిలో అది జోకని ఎవరికైనా తెలుస్తుంది, ఎడమవైపు చూడగలిగితే. ఆయన ఒక్కసారిగా కుడికి ఒరిగిపోయారు. సైకిలు, నేను, ఆయన, పులిహోర డబ్బా, అందరం ముళ్ళ పొదలో ఉన్నాం. ఆయన మణికట్టు ఎముక చిట్లింది.

ఆస్పత్రికి వాళ్ళమ్మాయి మాధవి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగింది. "నువ్వు జోక్ చేసావ్, డాడ్ చెయ్యి బ్రేక్ అయింది. నాట్ ఫన్నీ. ఫ్రాన్స్ లేదు. క్యాన్సిల్ చెయ్."

తిరిగొస్తూ కార్లో అంకుల్ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో సర్దుకున్నారు. తర్వాత మామూలు గొంతుతోనే అన్నారు: "ఐఫిల్ టవర్‌కి నవ్వానంటే, అది లేదని నాకూ తెలుసు కాబట్టి. కారుందో లేదో నాకు తెలీదు కదోయ్. నాకు తెలిసిన చోట ఎన్ని జోకులైనా వెయ్యి. తెలీని చోట ఉన్నది చెప్పు."

ఏ మాటకైనా నా దగ్గర ఒక ఎదురుమాట సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు దాన్ని పక్కన పెట్టి, ఇల్లు చేరేదాకా దారి పక్కనున్నవి ఉన్నట్టే చెప్పాను.

ఆగస్టులో కట్టు విప్పారు. నేను మాధవి దగ్గరికి వెళ్ళి, "అక్కా, కండ్లకు స్కార్ఫ్ కట్టుకొని ఒక్కసారి వెనక కూసో," అన్నాను.

"ఆర్ యూ సీరియస్?"

"ఫస్ట్ టైమ్."

ఆరు మైళ్ళు. గతుకు. ఎడమకి మలుపు. ఎదురుగా కుక్కతో ఒక ముసలాయన, ఆపుతున్నా. కుడిపక్క ఏరు, నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి, ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడింది. మొదట బిగుసుకుని కూర్చున్న మాధవి నాలుగో మైలుకి హాయిగా తొక్కుతోంది. దిగాక స్కార్ఫ్ విప్పి, ఏటివైపు తిరిగి నీళ్ళ రంగు చూసింది. "ఓకే. తీస్కెళ్ళు. బట్ హెల్మెట్," అంది.

ఆ సెప్టెంబరులో ఐదు రోజులు ఆ గట్టు మీద పోయాం. కాలువ మంచు కప్పుకుని నిద్రపోతోంది. రెండువైపులా పొడుగాటి చెట్లు, నీళ్ళలో మళ్ళీ అవే చెట్లు. మేం కదలకుండా ఉన్నామనీ, దేశమే మెల్లిగా మా పక్కనుంచి జరిగిపోతోందనీ అనిపించేది. మొదటి గంటలో ఎదురైన ప్రాణి ఒక ఆవు. అది మమ్మల్ని పెద్దగా పట్టించుకోలేదు. నేను చూసిందల్లా చెబుతూ పోయాను. పక్కన ద్రాక్షతోట, ఆకులు అంచుల్లో ఎర్రబడుతున్నాయి. కిటికీలో పిల్లి. తీగ మీద నీలం చొక్కా. వెనకనుంచి "ఊఁ" అని వినబడేది, కథ వింటున్నట్టు.

మూడో రోజు ఒక లాకు దగ్గర పడవ వచ్చింది. తలుపుల సందుల్లోంచి నీళ్ళు లోపలికి దూకే చప్పుడు వినగానే అంకుల్ రొట్టె నమలడం ఆపేశారు.

"తలుపులు చెక్కా, ఇనుమా?"

"చెక్క. కిందంతా నాచు. లాకు కాసే ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డది."

"మా నాన్నా అంతే నిలబడేవాడు."

ఆవిడ ఏదో అంది. మాకు ఫ్రెంచి రాదు. చెయ్యి ఊపి పిలిచింది. అది చెప్పాను. ఆయన్ని నడిపించుకెళ్ళి, తలుపుని తెరిచే పొడుగాటి దూలం మీద చేతులు పెట్టించాను. బాగైన మణికట్టుతో, ఆవిడ పక్కన నిలబడి, నెట్టడం మొదలుపెట్టారు.

"తెరుచుకుంటోందా?"

"కొంచెం కదిలింది. సగం. ఇంకా సగం ఉంది అంకుల్. ఆఁ, తెరుచుకుంది. పడవ పోతోంది."

ఆ సమయంలో నా దగ్గర ఒక మంచి జోకు ఉంది. జేబులోనే ఉంచుకున్నాను. ఇంకా అక్కడే ఉంది.

తర్వాత రెండేళ్ళకి ఆ గొట్టం కూడా మూసుకుపోయింది. నిరుడు అంకుల్ పోయారు. మాధవి ఆ సైకిల్ నాకిచ్చింది. శనివారాలు ఒక్కణ్ణే తొక్కుతూ పక్కలు పైకే చెబుతాను. ఎడమవైపు మూడు బాతులు. కుడివైపు పండ్లు ఏరుకుంటున్న పిల్ల. ఎదురొచ్చేవాళ్ళు నేను ఫోన్‌లో మాట్లాడుతున్నాననుకుని మర్యాదగా తప్పుకుంటారు.

మొన్న రెండో వంతెన దాటాక, రాలిన కొమ్మలు తీసేవాళ్ళ మోటారు బండి ఒకటి ఎడమ పొదల పక్కనుంచి నెమ్మదిగా దారి మీదికి వచ్చింది. బ్రేకు నొక్కాను.

"అంకుల్, ఎడమవైపు కారు," అన్నాను. వెనక్కి తిరిగి, "ఉన్నదే చెబుతున్నా," అన్నాను.