మామయ్యతో ఆదివారపు వాదన

మా మేనమామది కారంపూడి. పొలం కౌలుకిచ్చేసి, నరసరావుపేటలో మా వెనక వీధిలో ఇల్లు కట్టుకున్నాడు. నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్తాను. ట్రాన్స్‌జెండర్లకి ఉద్యోగాలివ్వాలని టీవీలో ఎవరో అన్న ఆదివారం మా ఇద్దరికీ మొదలైంది.

"వాళ్ళకి ఉద్యోగాలేందే? వాళ్ళ చేత ఎవరు చేయించుకుంటారు?" అన్నాడు మామయ్య.

రాజ్యాంగమంతా అప్పజెప్పాను. ఆయన కాఫీ అడిగాడు. మరుసటి వారం వాళ్ళ హక్కుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రింటు తీసి, ముఖ్యమైన చోట్ల పసుపు గీతలు గీసి పట్టుకెళ్ళాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి, కొట్టుకుంటున్న కిటికీ రెక్క సందులో దోపాడు. అట్లా ఆరు నెలలు నడిచింది.

ఇక ప్రాక్టికల్ చూపిద్దామనుకున్నాను. నా దగ్గర చదివిన ఒకమ్మాయి ఇళ్ళకొచ్చి రక్తం తీసే ల్యాబులో పనిచేస్తోంది. చదివే రోజుల్లో ఆమె పేరు అబ్బాయిల హాజరు పట్టీలో ఉండేది. ఆ సంగతి పేటలో నాలాంటి కొద్దిమందికే తెలుసు. మామయ్యకి షుగరు పరీక్షుంటే ఆమెనే పిలిపించాను. నా పథకం మాత్రం ఆమెకి చెప్పలేదు.

పొద్దున్నే వచ్చింది. సూది దిగినట్టే లేదు.

"చానా తేలిగ్గా తీశావమ్మా. పోయినసారొచ్చినోడు చెయ్యంతా కమిలేట్టు గుచ్చాడు," అన్నాడు మామయ్య.

నేను ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. "ఎవరు చేయించుకుంటారన్నావుగా మామయ్యా? ఇప్పుడు నువ్వే చేయించుకున్నావు!" అని, ఆమె ఎవరో చెప్పేశాను.

గొట్టం మీద పేరు రాస్తున్న ఆమె చెయ్యి ఆగింది. తర్వాత రాయడం పూర్తి చేసి, పెట్టె మూసి, లేచింది. గేటు దగ్గర మాత్రం నావైపు తిరిగింది.

"నేను రక్తం తీయటానికొచ్చాను మేడం. సాక్ష్యం చెప్పటానికి కాదు."

లోపలికొస్తే మామయ్య, "పనికొచ్చిన పిల్లని అట్లా నిలబెడతావా? నీకు చదువెవరు చెప్పారే?" అన్నాడు.

మరుసటి నెల మామయ్య తనే ల్యాబుకి ఫోన్ చేసి, "ఆ అమ్మాయినే పంపండి," అన్నాడు. ఆమె వెళ్ళింది. నేనూ రక్తపరీక్షకి పిలిస్తే మా ఇంటికి వేరే మనిషొచ్చాడు. నా చెయ్యి వారం రోజులు కమిలి ఉంది.

ల్యాబుకెళ్ళి క్షమించమన్నాను. ఇక ఎవరితోనూ వాదించనని కూడా అన్నాను.

"వాదించండి మేడం," అంది. "నేను లేనప్పుడు వాదించండి. నేనున్నప్పుడు నాకు పనుంటది."

అందుకని ఆదివారాలు ఇంకా వెళ్తూనే ఉన్నాను. "ఆ పిల్ల వేరు, మిగతావాళ్ళు వేరు," అంటాడు మామయ్య. అభిప్రాయం అంగుళం కదల్లేదు. మొన్న మాత్రం పక్కింటాయన ట్రాన్స్‌జెండర్ల నడక గురించి వెకిలిగా ఏదో అనబోతే, "ఇక చాల్లే, కూర్చో," అని గదిమాడు.

ఆయన కాఫీ అడక్కముందే లేచి పెట్టిచ్చాను.